పదకొండు బండ్ల సందు

గంటకి పదకొండు బండ్లు. మూడు రోజులు ఎండలో స్టూలు వేసుకుని లెక్కపెట్టి, సరాసరి తీసి, కింద తన సంతకం పెట్టిన అంకె అది. ఇప్పుడు ఆ సందులోనే, స్టీరింగు మీద గడ్డం ఆనించి, ఇంజనీరు ఆ అంకెను నెమరు వేస్తున్నాడు. ముందు ఎర్ర కారు, దాని ముందు బూడిదరంగు కారు, దాని ముందు ఏముందో కనపడదు గానీ హారన్లన్నీ అక్కణ్ణించే పుడుతున్నాయి. వెనక అద్దంలో నాలుగు కార్లు, వాటి మధ్య ఖాళీల్లో దూరిన స్కూటర్లు, అవి దూరాక ఇక ఖాళీ అన్నదే లేదు. ముందుకి పోతే నుయ్యి వెనక్కి పోతే గొయ్యి అంటారు, ఇక్కడ ముందుకీ లేదు వెనక్కీ లేదు, నుయ్యో గొయ్యో ఏదో ఒకటి ఎంచుకునే భాగ్యం కూడా లేదు. కుడిపక్క పరుపుల కొట్టు వ్యాను వచ్చి ఆనుకుని నిలబడింది. ఎంత ఆనుకుని అంటే, దాని ఒంటిమీద వేసిన బొమ్మ తప్ప కిటికీలోంచి ఇంకేమీ కనిపించదు. తలగడ మీద చెంప పెట్టుకుని, కళ్ళు మూసుకుని, సన్నగా నవ్వుతూ నిద్రపోతున్న ఒక పెద్ద ఆడమనిషి ముఖం. మీ నిద్ర మా బాధ్యత, అని రాసుంది. ఎడంపక్క బడి ప్రహరీ గోడ. కారుకీ గోడకీ మధ్య అడుగున్నర. తలుపు జానెడు తెరుచుకుంటుంది, ఆ జానెడులోంచి బయటపడాలంటే అతను పదిహేనేళ్ళ కిందటి ఇంజనీరు అయ్యుండాలి. ఎడం సీటులోకి జరిగి ఒకసారి ప్రయత్నం కూడా చేశాడు. పొట్ట ఒప్పుకోలేదు. మళ్ళీ యథాస్థానానికి వచ్చి, ఎవరూ చూడలేదు కదా అని చూసుకున్నాడు. చూడ్డానికి నిద్రపోతున్నావిడ తప్ప ఎవరూ లేరు.

పోనీ ఎవరైనా తోస్తే వచ్చి పడ్డాడా అంటే అదీ కాదు. నాలుగింటికి మీటింగు. కొత్త గేటు మీటింగే. పెద్ద రోడ్డు మీద ఆసుపత్రి మలుపు దగ్గరికి వచ్చేసరికే బడి ముందు కార్ల తోక కనపడింది, కనపడగానే అతనికి తనమీద తనకే ముచ్చటేసింది. ఈ సందు సంగతి ఊళ్ళో నాకంటే ఎవడికి తెలుసు, గంటకి పదకొండు బండ్లు, రెండు నిమిషాల్లో అవతల తేలతాను, అనుకుని తిప్పాడు. సగం దూరం వచ్చాక ఎర్ర కారాయన తల బయటపెట్టి, స్కూటరు మీదున్న ఒకావిణ్ణి కొత్త గేటెక్కడండీ అని అడగడం వినిపించింది. నిన్న పిల్లల డైరీల్లో చీటీ అంటించారట, వచ్చే టర్మునుంచి వెనక సందులో గేటు, తల్లిదండ్రులు గమనించగలరు అని. గమనించడానికి తల్లిదండ్రులు ఇవాళే వచ్చేశారు. అటువైపునుంచి సగంమంది, ఇటువైపునుంచి సగంమంది. గేటు ఇంకా గోడలోనే ఉంది, కనీసం మీటింగైనా కాలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గేటు లేదు గీటు లేదు జామ్ మాత్రం ముందే పుట్టింది. ఆ చీటీ తన కూతురి డైరీలోనూ ఉండుంటుంది, భార్య దానికింద సంతకం కూడా పెట్టుంటుంది. ఆ ఇంట్లో సంతకాలకేం కొదవ.

వెనక సీట్లో ప్లాస్టిక్ గొట్టం, గొట్టంలో చుట్టి పెట్టిన ప్లాను. విప్పనక్కర్లేదు, కళ్ళు మూసుకున్నా గీత గీతా కనిపిస్తుంది. ఆరువందల నలభై మంది పిల్లలు, ఒక్క గేటు, ఒక్క గంట. మూడున్నరకి ఆ గంట మోగితే పెద్ద రోడ్డు గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టవుతుంది, ఆసుపత్రికి వెళ్ళే బండి కూడా కదలదు. రెండేళ్ళనుంచీ ఫిర్యాదులు. అతనే ఆలోచించాడు, వెనక గోడ కొట్టి ఇరవై నాలుగు అడుగుల గేటు పెడితే బండ్లు సందులోంచి లోపలికి వచ్చి, పిల్లల్ని ఎక్కించుకుని, ముందు గేటులోంచి బయటికి పోతాయి. ఒకవైపునుంచి రావడం, ఇంకోవైపునుంచి పోవడం. నీళ్ళ గొట్టం కూడా అలాగే పనిచేస్తుంది కదా. పెద్దసారు ప్లాను చూసి, ఏమయ్యా స్కేలూ, ఇన్నాళ్ళూ ఈ బుర్రని ఎక్కడ దాచావు, అన్నాడు. స్కేలు అని ఆఫీసులో అతని ముద్దు పేరు, జేబులో ఎప్పుడూ ఆరంగుళాల స్కేలు ఉంటుంది కాబట్టి. ఆ రోజు ఇంటికి వెళ్తూ దారంతా ఈల వేశాడు. ఇరవైరెండేళ్ళ మునిసిపాలిటీ ఉద్యోగంలో చెత్తకుండీల జాగాలూ, వేగనిరోధకాల ఎత్తులూ తప్ప ఏం గీశాడు గనుక. మొదటిసారి ఒక గేటు. దానిలోంచి తన కూతురు కూడా నడుస్తుంది.

కూతురు. అక్కడికి వచ్చేసరికి ఆలోచన ఎప్పుడూ అడుగు జారుతుంది. పన్నెండేళ్ళది, చిట్టి అని పిలుస్తారు, నత్తి. మామూలు నత్తి కాదు, మాట గొంతులోకి వచ్చి అక్కడే తలుపేసుకుని కూర్చుంటుంది. మొదటి బడిలో నవ్వారు, రెండో బడిలో టీచరే నవ్వింది. ఆర్నెల్లు అసలు నోరు విప్పలేదు, అన్నానికి పిలిచినా తలూపడమే. భార్య పొయ్యి దగ్గర నిలబడి, మన పిల్ల మాట ఎలా ఉంటుందో మర్చిపోతున్నానండీ అన్నప్పుడు అతను గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఈ బడిలో ఒక బొమ్మల టీచరు ఉంది, అలాంటి పిల్లల్ని దగ్గరికి తీస్తుంది అని ఎవరో చెప్తే, సంవత్సరం మధ్యలో సీటు కోసం కరస్పాండెంటు గది బయట బల్ల మీద మూడు రోజులు కూర్చున్నాడు. మూడో రోజు ఆయన లోపలికి పిలిచి, మీరు ప్లానింగులో ఉన్నారటగా, మన మనిషే అన్నమాట, అన్నాడు. అంతే. ఒక్క రూపాయి అడగలేదు, ఒక్క పని చెప్పలేదు. సీటిచ్చాడు. నెల తిరక్కుండా బడి నుంచి ఇంకో గేటు కావాలని అర్జీ వచ్చింది. ఆ రెంటికీ సంబంధం లేదు. లేదని అతను చాలాసార్లు చెప్పుకున్నాడు. సంబంధం లేని విషయాన్ని అన్నిసార్లు ఎందుకు చెప్పుకోవాల్సి వస్తోందో మాత్రం ఆలోచించలేదు. మన మనిషి. వినడానికి ఎంత మెత్తగా ఉంది, మెడకి పట్టుతాడు మెత్తగా ఉన్నట్టు.

ఎవరో హారన్ మీద చెయ్యి వేసి తియ్యడం మర్చిపోయారు. గోడ ఆ మోతని తిప్పి కారులోకి కొడుతోంది. కిటికీ దించితే మోత, ఎత్తితే ఉక్క. సగం దించాడు, రెండూ వచ్చాయి. ఎడంపక్క గోడ మీద, నడుము ఎత్తులో, జానెడు వెడల్పున నల్లటి చార. అది ఈ చివరనుంచి ఆ చివర దాకా ఉంటుంది, మూడువందల నలభై అడుగులు, ఎక్కడా తెగకుండా. సర్వే చేసినప్పుడు గోడ పొడవు కొలిచాడు, ఎత్తు కొలిచాడు, మందం కొలిచాడు. చార చూశాడు. మురికి అనుకున్నాడు. ఇప్పుడింత దగ్గరనుంచి చూస్తే మురికి కాదు, నున్నగా మెరుస్తోంది, పాత ఇంటి గుమ్మం పట్టుకుని పట్టుకుని చెక్క నునుపెక్కినట్టు. ప్లానులో ఈ గోడ నడిమధ్య రెండు ఎర్రగీతలు గీసి, తొలగించవలసిన భాగం అని రాశాడు. అతని చేతిరాత అందంగా ఉంటుంది. ఆ ఎర్రగీతలు సరిగ్గా ఎక్కడొస్తాయా అని మెడ సాచి చూశాడు. వెనక తలుపు దగ్గర మొదలై ఎర్ర కారు ముందు దాకా. అంటే తను ఇప్పుడు కొత్త గేటులోనే ఉన్నాడు. గృహప్రవేశం అయిపోయింది.

చారని మురికి అనుకోవడం నిజమేనా. ఇరుకులో మనిషికి అబద్ధం ఆడటం కష్టం, మోచెయ్యి మోచెయ్యికి తగులుతుంది. రెండో రోజు, మూడున్నర అయ్యుంటుంది, స్టూలు మీద కూర్చుని చేతిలో టక్కుడబ్బా నొక్కుతున్నాడు. బండి పోతే ఒక నొక్కు, టక్కుమని అంకె తిరుగుతుంది, ఉక్కుతో చేసిన చిన్న గుండ్రటి డబ్బా. ఫారంలో గడులున్నాయి, బస్సు, లారీ, కారు, మోటారు సైకిలు, సైకిలు, తోపుడుబండి. ఎవరో గోడ పట్టుకుని వస్తున్నారు. సందు చివర కుర్చీల షెడ్డు ఉంది, చూపు లేనివాళ్ళు పాత కుర్చీలకి బెత్తంతో అల్లిక వేసే చోటు, వాళ్ళు. బస్సు కోసం బారుగా, ఒకరి వెనక ఒకరు, ఎడమ అరచెయ్యి గోడకి ఆనించి, కుడిచేతిలో కర్ర. గోడ మొదలయ్యే చోట చెయ్యి పెడితే గోడ అయిపోయే చోట బస్టాపు, మధ్యలో ఒక్క గుమ్మం లేదు, ఒక్క మలుపు లేదు. అందుకే షెడ్డు అక్కడ పెట్టారట. అతను కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చాడు. ఆఖరున వస్తున్న పెద్దాయన, వేళ్ళకి బెత్తం కోసిన గాట్లు, చొక్కా జేబులో కత్తెర, అతని ముందుకొచ్చి ఆగాడు.

“ఏం సారూ, టక్కుటక్కుమని ఏదో నొక్కుతున్నారు?”

“బండ్ల లెక్క, పెద్దాయనా.”

“మరి మేం పోతుంటే మోగలేదే?”

మీకు చక్రాలు లేవు కదా అన్నాడు ఇంజనీరు. హాస్యానికే అన్నాడు. పెద్దాయన కూడా నవ్వాడు, అదీ నిజమే, ఒకటో రెండో పెట్టించుకోవాలి అన్నాడు. వెళ్ళబోతూ గోడని అరచేత్తో తట్టి, రోడ్డంటే మీకు కాళ్ళ కింద ఉండేది సారూ, మాకు పక్కన ఉండేది, అని చెప్పి పోయాడు. వాళ్ళు ఎంతమందో ఇంజనీరు లెక్కపెట్టలేదు. గడి లేదు. ఆఖరి రోజు సాయంత్రం ఫారం నింపుతూ, అట్టడుగున ఇతర విశేషాలు అనే గడి దగ్గర పెన్ను ఆగింది. అక్కడ ఒక్క ముక్క రాస్తే ఫైలు ఇంకో ఆఫీసుకి అభిప్రాయం కోసం పోతుంది, పోయిన ఫైలు ఆర్నెల్లకి గాని తిరిగి రాదు, తిరిగొచ్చేలోగా కరస్పాండెంటు ఫోను చేసి ఏమండీ మన మనిషి అంటాడు. పెన్ను ఎంతసేపు ఆగింది? టీ చల్లారేంతసేపు. తర్వాత రాశాడు, లేవు. రెండే అక్షరాలు, అందమైన చేతిరాత. ఆ రెండక్షరాలకే ఇప్పుడు ఒళ్ళంతా సిగ్గుగా ఉంది. ఎవరూ అడగలేదు, అందుకే చెప్పలేదు అనుకోవచ్చు. కానీ ఆ గడి అడుగుతూనే ఉంది కదా, అచ్చేసి మరీ.

మూడున్నర గంట మోగింది. గోడ అవతల ఆరువందల నలభై గొంతులు ఒక్కసారిగా లేచాయి. వాటిలో చిట్టి గొంతు ఉంటుందా. పోయినవారం తరగతిలో లేచి నిలబడి పాఠం పేజీ అంతా చదివిందట. పేజీ అంతా. బొమ్మల టీచరు చెప్పిన ఉపాయం, మాటకొక చప్పుడు చెయ్యమంది, చప్పుడు ముందు పోతే దాని వెనకే మాట పోతుందని. ఇంట్లో వెతికితే చేతికి దొరికింది ఏమిటి, నాన్న టక్కుడబ్బా. ఇప్పుడది దాని సొత్తు. పొద్దున్న బడికి దింపుతుంటే దారిలో కొట్ల బోర్డులు చదువుతూ వచ్చింది, మందుల టక్, కొట్టు టక్, ఇచ్చట టక్, గొడుగులు టక్, బాగు టక్, చేయబడును టక్. దిగేటప్పుడు, న... అని ఆగి, డబ్బా నొక్కి, నాన్నా రెండువందల పన్నెండు మాటలు అని నవ్వి, దాన్ని ముందు అరలో పడేసి పరిగెత్తింది. తరగతిలో దానితో పనిలేదు, అక్కడ బల్ల మీద వేలితో కొట్టుకుంటుంది. రెండువందల పన్నెండు. గేటు ఆగితే, కరస్పాండెంటు ఏం చేస్తాడు? ఏమీ చెయ్యడు, పెద్దమనిషి. సంవత్సరం చివర ఒక ఉత్తరం వస్తుంది, సీట్లు పరిమితంగా ఉన్నందున అని. భార్య ఆ ఉత్తరం పట్టుకుని నిలబడుతుంది. తిట్టదు. తిడితే బాగుండును. ఊళ్ళో గోడలన్నీ నువ్వే కాయాలా అని మాత్రం అంటుంది.

ఫోను మోగింది. పెద్దసారు. ఎక్కడున్నావయ్యా అన్నాడు. దారిలో ఉన్నాను సార్, జామ్ అన్నాడు ఇంజనీరు, ఎక్కడి జామో చెప్పకుండా. మరేం ఫర్లేదు, కంగారు పడి ఎవర్నీ గుద్దెయ్యకు, అందరూ ముందే వచ్చేశారు, కరస్పాండెంటు గారు కూడా వచ్చారు, నీ సంతకం ఉందిగా, కానిచ్చేస్తాం అని పెట్టేశాడు. ఫోను ఒళ్ళో పెట్టుకుని అతను ఒక నిమిషం హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. నిజం, హాయిగానే. ఇరుక్కుపోయాడు కాబట్టి వెళ్ళలేడు, వెళ్ళలేడు కాబట్టి చెప్పలేడు, చెప్పలేడు కాబట్టి తప్పు లేదు. రేపెప్పుడైనా ఎవరైనా అడిగితే, నేనా రోజు మీటింగులోనే లేనండీ అనొచ్చు. ఈ అడుగున్నరా ఈ పరుపుల వ్యానూ కలిసి తనని కాపాడుతున్నాయి. పక్కన నిద్రపోతున్నావిడ నవ్వు ఇంకొంచెం పెద్దదైనట్టు అనిపించింది. మీ నిద్ర మా బాధ్యత.

అప్పుడు కారు వెనక డిక్కీ మీద ఏదో తట్టింది. మెత్తటి చప్పుడు. కర్ర ఒకసారి, తర్వాత అరచెయ్యి. వెనక అద్దంలో ఒక నల్లకళ్ళద్దాల మనిషి, గోడ మీద చెయ్యి పెట్టి నడిచొస్తున్నవాడు, దారిలో ఉన్న కారుకి తగులుకుని ఆగిపోయి, దాని అంచు తడిమి చూస్తున్నాడు. వెనక్కి తిరిగి, కారుంది, పక్కకి తిరిగి రండి, కర్ర పైకి పట్టుకోండి అని చెప్పాడు. అతని వెనక ఇంకొకరు, ఇంకొకరు. వెనకున్న కార్లనీ అలాగే దాటుకుని వచ్చారన్నమాట. ఇంజనీరు బిగుసుకుపోయాడు. మొదటి మనిషి వీపు గోడకి ఆనించి, పొట్ట లోపలికి పీల్చి, అడ్డంగా జరుగుతూ వచ్చాడు. అరచెయ్యి ఎడం కిటికీ సగం అద్దం మీద పడింది. ఇంత దగ్గరగా ఒక అరచేతిని అతను ఎప్పుడూ చూడలేదు, తెల్లబడ్డ కాయలు, గీతలకి అడ్డంగా బెత్తం కోతలు. అద్దం వెంబడి జరిగి, సైడు అద్దానికి తగిలి, ఇదేమిటా అన్నట్టు దాన్ని తడిమి, మెల్లగా మడిచి, దాటిపోయింది. రెండో అరచెయ్యి ఒక ఆవిడది, చిటికెన వేలికి గుడ్డముక్క చుట్టుంది. లోపల మనిషి ఉన్నాడని వాళ్ళకి తెలియదు. అతను ఊపిరి బిగబట్టాడు. ఎవరో చూస్తారని దాక్కోవడం విన్నాం గాని, చూపు లేనివాళ్ళ ముందు దాక్కున్న మనిషి బహుశా ఇతనొక్కడే. ఇవాళంటే కార్లు ఆగి ఉన్నాయి. రేపు గోడ ఉండదు, కార్లు ఆగవు. ఇరవై నాలుగు అడుగుల ఖాళీలోకి చెయ్యి సాచి, గోడ కోసం గాలిలో వెతుక్కుంటూ ఈ గుడ్డముక్క చుట్టిన వేలు.

మూడో అరచెయ్యి అద్దం మీద పడేసరికి అతని చెయ్యి ముందు అర తెరిచి టక్కుడబ్బా తీసింది. అతను తియ్యమనలేదు, అదే తీసింది. అంకె రెండువందల పన్నెండు దగ్గర ఉంది. పక్క మీట తిప్పితే సున్నాలవుతాయి, లెక్క మొదలెట్టే ముందు సున్నా చెయ్యాలి, అది నియమం. మీట మీద వేలు పెట్టి తీసేశాడు. పిల్ల మాటలు అవి. టక్. రెండువందల పదమూడు. టక్. ఒక్కో అరచేతికి ఒక్క నొక్కు. లావుపాటిది, సన్నటిది, ఉంగరం ఉన్నది, బొటనవేలు లేనిది. కొందరు చప్పుడు విని తల ఇటు తిప్పారు. తిప్పి, జరుగుతూనే పోయారు. కళ్ళు చెమర్చాయి, తుడుచుకుందామంటే చేతిలో డబ్బా. ఆఖరి అరచెయ్యి అద్దం మీదికి వచ్చి, టక్కుమనగానే అక్కడే ఆగింది. సగం దించిన కిటికీలోంచి బెత్తం వాసన, తడిసిన గడ్డి లాంటి వాసన లోపలికి వచ్చింది. చొక్కా జేబులో కత్తెర.

“సారూ. ఈసారి మోగింది.”

“మోగింది పెద్దాయనా.”

“ఎంత?”

“పదిహేడు.”

“మేం పందొమ్మిది మందిమి. ముందెళ్ళిన ఇద్దరూ?”

ఇంజనీరు రెండుసార్లు నొక్కాడు. పెద్దాయన విని తల ఊపాడు. ఇంకో అమ్మాయి కూడా ఉంది, కుర్చీ ఒకటి పూర్తి చేసి వస్తానంది, వెనకాల వస్తుంది, అన్నాడు. తర్వాత వీపు గోడకి ఆనించుకుని, తొందరేమీ లేనట్టు అడిగాడు, ఇక్కడ గేటు పెడతారట కదా, ఎంత వెడల్పు సారూ అని. ఇరవై నాలుగు అడుగులు అని చెప్పాడు ఇంజనీరు. ఆ అంకె నోట్లోంచి రావడానికి చిట్టి మాటంత సేపు పట్టింది. పెద్దాయన పెదాలు కదిపి లెక్కేసుకున్నాడు. మా అంగలు పన్నెండు, అన్నాడు. పన్నెండు అంగలు దేన్ని పట్టుకుని నడవాలో అడగలేదు. అడిగి ఉంటే ఇంజనీరు ఏదో ఒకటి చెప్పేవాడు, రోడ్డు మీద తెల్లచారలు గీస్తాం, బోర్డు పెడతాం అని. చారలెవరికి, బోర్డెవరికి. బస్సుకి టైమవుతోంది అని పెద్దాయన కారు ముందు రెక్క మీద చెయ్యి రాసుకుంటూ ఎర్ర కారు వైపు జరిగిపోయాడు.

నాలుగవడానికి ఎనిమిది నిమిషాలుంది. ఇంజనీరు ఫోను తీసి పెద్దసారుకి తనే చేశాడు. డబ్బా ఇంకా చేతిలోనే ఉంది. టక్కుమనిపించాలనిపించింది, చప్పుడు ముందు పోతే మాట వెనక పోతుందట. కానీ నొక్కితే అంకె తప్పుతుంది. బల్ల లేదు కాబట్టి స్టీరింగు మీద వేలితో కొట్టాడు.

“సార్, గేటు ఇవాళ కానివ్వకండి. సందు లెక్క తప్పు. నేను రాసిందే తప్పు.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. ఏమయ్యా, ఫోను స్పీకరులో ఉంది, అందరూ వింటున్నారు, అన్నాడు పెద్దసారు, కొంచెం గొంతు తగ్గించి, తగ్గిస్తే మాత్రం వినపడదా. అప్పుడు ఇంకో గొంతు, మెత్తగా, ఎంతో ఆదరంగా.

“అమ్మాయి బాగా చదువుతోందటగా ఈమధ్య?”

కారులో గాలి మొత్తం ఎవరో తాగేసినట్టయింది. కుడివైపు నిద్రపోతున్న ముఖం, ఎడంవైపు నల్లచార, ముందు ఎర్రదీపాలు. భార్య ఉత్తరం పట్టుకుని నిలబడింది. చిట్టి బల్ల మీద వేలితో కొడుతోంది. ఇప్పటికీ అవునండీ మీ దయ అని, ఇంకోసారి సరిచూసుకుని చెప్తాను సార్ అని, పెట్టెయ్యొచ్చు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా. అద్దం మీద అరచేతుల మరకలు ఒకదానిమీద ఒకటి పడి, ఏది ఎవరిదో తెలియకుండా ఉన్నాయి.

“చదువుతోందండీ. లెక్క మాత్రం తప్పే. రోజూ ఇరవై మంది ఆ గోడ పట్టుకుని నడుస్తారు. ఇతర విశేషాలు అన్న చోట లేవు అని రాశాను, ఉన్నాయి.”

పెద్దసారు ఫోను స్పీకరులోంచి తీసినట్టున్నాడు, గొంతు దగ్గరైంది. నీకేమైనా పిచ్చా, ముందు నువ్వు ఇక్కడికి రా, ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం, సంతకం పెట్టి ఇప్పుడు తప్పంటే నీ ఉద్యోగం మీదికే వస్తుంది తెలుసా అన్నాడు. తెలుసు సార్ అన్నాడు ఇంజనీరు. మరి రా.

“రాలేను సార్. ఆ సందులోనే ఇరుక్కుని ఉన్నాను.”

ఫోను అవతల పెట్టేశారో లేదో తెలియలేదు. మీటింగు ఆగిందో లేదో కూడా తెలియలేదు. ఎర్ర కారు దీపాలు ఒకసారి ఆరి, ఒక మూర ముందుకి జరిగి, మళ్ళీ వెలిగాయి. అతనూ ఒక మూర జరగొచ్చు, జరిగితే గోడ దగ్గర ఖాళీ ఇంకా తగ్గేట్టుంది, అందుకని జరగలేదు. వెనకవాడు హారన్ కొట్టాడు. కొట్టనీ. మళ్ళీ కొట్టాడు. ఇంజనీరు వెనక అద్దంలో సందు చివరకేసి చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి, కార్ల మధ్యనుంచి ఒక అమ్మాయి, చిట్టికంటే ఓ అయిదారేళ్ళు పెద్దదేమో, కర్ర చంకలో పెట్టుకుని, ఎడమ చెయ్యి గోడ మీద పరుగులాంటి నడకలో వస్తోంది, దారి అంత బాగా తెలుసు. డిక్కీకి తగులుకుని ఆగి, నవ్వుకుని, పక్కకి తిరిగింది. అరచెయ్యి అద్దం మీద పడింది.

టక్. రెండువందల ముప్ఫై రెండు. సాయంత్రం చిట్టి డబ్బా చేతిలోకి తీసుకుని అంకె చూస్తుంది. తనవి రెండువందల పన్నెండే కదా, మిగతా ఇరవై ఎవరి మాటలు నాన్నా అని అడుగుతుంది, ఆగి ఆగి అయినా అడుగుతుంది.